కొళాయి నీళ్లకూ లెక్క అడగండి
ఇంటి పన్ను రసీదు భద్రంగా దాచుకుంటాం. ఆ సొమ్ములో పైపుల మరమ్మతుకు ఎంత పెట్టారో మాత్రం అడగం. 2018 మార్చిలో గుంటూరులో కొళాయి నీళ్లలో మురుగు కలిసి అతిసారం ప్రబలింది, ప్రాణాలు పోయాయి. ట్యాంకు దగ్గర నీళ్లు శుభ్రంగా ఉంటే చాలదు. కాల్వలో మునిగిన పైపుకు చిల్లు పడితే, సరఫరా ఆగినప్పుడు అది మురుగును పీల్చుకుంటుంది. అందుకే వీధి చివరి కొళాయిలోనూ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. ఆ పరీక్షకు నిమిషాలు చాలు. తర్వాత మా వార్డులో ఎక్కించే సెలైనూ మీ పన్నుల సొమ్మే!

రాజంపేటలో మీ వీధి నీళ్లను ఎప్పుడు పరీక్షించారు, ఎంత క్లోరిన్ ఉంది, పైపులకు ఎంత ఖర్చయింది? సమాచార హక్కు చట్టం కింద మున్సిపల్ కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. అది వచ్చేదాకా నీళ్లు మరిగించి, చల్లార్చి తాగండి.