వారాల లెక్క ఎవరిది?

హార్మోన్ సూది అనగానే మన సంఘాల్లో ముందుగా గుర్తొచ్చేది నెట్-ఎన్. 1985లో పటాన్‌చెరులో ఆ గర్భనిరోధక సూది కోసం ఆడవాళ్లని శిబిరానికి పిలిపించారు, అది ఇంకా ప్రయోగంలో ఉందని మాత్రం చెప్పలేదు. మరుసటేడు స్త్రీ శక్తి సంఘటన, సహేలి వంటి సంఘాలు సుప్రీంకోర్టుకెక్కాయి. అందుకే నెలలు నిండకుండా నొప్పులొచ్చిన గర్భిణికి వేసే స్టెరాయిడ్ సూది గురించి నేను రాస్తున్నానంటే, వద్దనడానికే అనుకునేవారుంటారు. కాదు. నా కోపం సూది మీద కాదు.

కాన్పు దగ్గరపడేకొద్దీ బిడ్డ శరీరంలో కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది. దాని వల్లే ఊపిరితిత్తుల్లో సర్ఫాక్టెంట్ అనే నురగలాంటి పదార్థం సమృద్ధిగా తయారవుతుంది. అది చాలకపోతే ఊపిరి వదిలిన ప్రతిసారీ గాలిగదులు ముడుచుకుపోతాయి. (ఇందులో ఆడపిల్లలే కాస్త ముందుంటారు. మగ హార్మోన్లు ఈ ఎదుగుదలను ఆలస్యం చేస్తాయి. అబలలెవరో మరి!) తల్లి కార్టిసాల్‌ని మాయ చాలావరకు అడ్డుకుంటుంది. డెక్సామెథసోన్, బీటామెథసోన్ మాత్రం దాన్ని దాటి బిడ్డను చేరతాయి. న్యూజిలాండ్‌లో లిగిన్స్, హౌవీ 1972లోనే దీని ప్రయోజనాన్ని చూపించారు.

2014లో మన కేంద్ర ప్రభుత్వం 24 నుంచి 34 వారాల మధ్య నొప్పులొస్తే, పెద్దాసుపత్రికి పంపేముందు ఏ.ఎన్.ఎం. కూడా మొదటి డోసు వేయవచ్చంది. సరిగ్గా అప్పుడే, బెల్గాం, నాగపూర్‌లతో సహా ఆరు దేశాల్లో దాదాపు లక్ష కాన్పుల మీద జరిగిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. ఊళ్లలో ఈ సూదిని విస్తృతంగా వాడినచోట మరీ చిన్న బిడ్డల మరణాలు తగ్గలేదు. మొత్తం పిల్లల్లో చూస్తే ప్రతి వెయ్యికీ మూడున్నర మరణాలు ఎక్కువయ్యాయి. తల్లుల్లో ఇన్ఫెక్షన్ అనుమానాలూ పెరిగాయి. సూది పడిన తల్లుల్లో ఎక్కువమందికి పుట్టినవాళ్లు అంత చిన్నపిల్లలే కారు! 2020లో అదే డెక్సామెథసోన్‌ను, స్కానింగుతో వారాలు లెక్కగట్టి, పసిబిడ్డల వైద్యం ఉన్న ఆసుపత్రుల్లో వాడితే మరణాలు 23.5 శాతం నుంచి 19.6కి దిగాయి.

మందు మారలేదు. మారింది చుట్టూ ఉన్నవి. అవి ఖర్చుతో కూడినవి కనుక చవకైన సూదినే పథకమంటారు.

కిందటేడు ఒక సబ్‌సెంటర్‌లో కూర్చున్నాను. "ఆఖరి ముట్టు ఎప్పుడమ్మా?" అని ఏ.ఎన్.ఎం. అడిగితే, "సంక్రాంతికి ముందు బయటున్నా సిస్టరమ్మా" అందామె. కార్డులో జనవరి 1 అని పడింది. 34 వారాల హద్దు నిలబడేది ఆ తేదీ మీదే. ఏ.ఎన్.ఎం.ని నేను తప్పుపట్టను, స్కానింగు అక్కడికి నలభై కిలోమీటర్లు. అదే మండలంలో సూది పడిన మరొకామెను ఎందుకు వేశారో తెలుసా అని అడిగాను. "బలానికన్నారు మేడమ్." నెట్-ఎన్ నాటి ప్రశ్న ఇక్కడా ఉంది, మంచి మందైనంత మాత్రాన చెప్పనక్కర్లేదా?

ఆసుపత్రి అభివృద్ధి కమిటీ సమావేశాలకు వెళ్లే మనవాళ్లు డెక్సామెథసోన్ స్టాకుతో సరిపెట్టుకోకండి. మూడో నెలలోపు స్కానింగు ఎందరికి అయింది, జ్వరం, ఉమ్మనీరు చూశాకే సూది వేస్తున్నారా, పంపిన ఆసుపత్రిలో పసిబిడ్డకు పడక, ఆక్సిజన్ ఉన్నాయా అని అడగండి. సూది ఎందుకో తల్లికి ఎవరు చెప్పారో కూడా కార్డులో రాయమనండి, పేరుతో సహా.