గిత్తల కొట్టము – పందెపు బరి



మాఘ బహుళ చతుర్దశి సమీపించుచున్నదనగానే మా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల గ్రామములలో రెండు విధములైన సన్నాహములు మొదలగును. ఒకటి ఉపవాస జాగరణములకు సంబంధించినది. రెండవది గిత్తల కొట్టములకు సంబంధించినది. మొదటిదానిని గూర్చి పత్రికలు ఏటేట వ్రాయుచునే యున్నవి. రెండవదానిని గూర్చి వ్రాయువారు బరిలో జరిగినంతవరకే వ్రాయుదురు. ఏ జత ఎన్ని అడుగులు లాగినది, ఎవరికి ఎంత బహుమానము వచ్చినది, అంతటితో సరి. ఆ అడుగుల వెనుక నెలల తరబడి ఇల్లాండ్రు పడిన శ్రమను గూర్చి ఈ మాసము ముచ్చటింప దలచితిమి.

కోదాడకు దక్షిణమున మేళ్లచెరువను గ్రామము గలదు. అచ్చటి స్వయంభూ శంభులింగేశ్వరస్వామికి మహాశివరాత్రికి పెద్ద జాతర జరుగును. ఆ జాతరలో నడుపు ఎడ్ల పందెములకు తెలంగాణమునుండియే గాక కృష్ణకు ఆవలి ఆంధ్ర జిల్లాలనుండియు ఒంగోలు జాతి గిత్తలను లారీలలో నెక్కించి తెత్తురు. ఆ చుట్టుపట్టుల సిమెంటు కర్మాగారములు రాతిని పిండి చేయుచుండగా, జాతరలో రాతిని లాగించి వేడుక చూతుము! 

ఈ పందెము నెరుగని దూరదేశపు సోదరీమణులకై రెండు మాటలు. బరువైన బండకు గొలుసు తగిలించి దానిని కాడికి కట్టుదురు. బరి పొడవునకు హద్దు గలదు. జత ఆ చివరకు లాగి, మరల తిరిగి, ఈ చివరకు లాగవలెను. నిర్ణయించిన నిమిషములలో మొత్తము ఎన్ని అడుగులు లాగినదో కొలిచి, ఎక్కువ లాగిన జతకు మొదటి బహుమానమిత్తురు. బలము తిన్నని దారిలో తెలియును. నేర్పు మలుపులో తెలియును. మలుపున జతలో నొకటి ముందడుగు వేసి రెండవది వెనుకాడినచో విలువైన కాలము అచ్చటనే పోవును.

తరగతులను పండ్లనుబట్టి ఏర్పరచుట ఇందలి చక్కని ఏర్పాటు. పశువునకు పై దవడయందు ముందు పండ్లుండవు; క్రింది దవడయందు ఎనిమిది యుండును. పాలపండ్లు రాలి శాశ్వతమైన పండ్లు జతలు జతలుగా వచ్చును. మొదటి జత సుమారు రెండు, రెండున్నర యేండ్లకు. ఎనిమిదియు నిండుట నాలుగైదేండ్లకు. కావున రెండు పండ్ల జత, నాలుగు పండ్ల జత, ఆరు పండ్ల జత అని వేరువేరుగా పందెము పెట్టి, బండ బరువును తదనుగుణముగా మార్చెదరు. పుట్టినతేదీ వ్రాసిన కాగితము లేకున్నను గిత్త నోరు తెరచి చూచినచో వయస్సు దాగదు.

నాగార్జునసాగరము ఎడమకాలువ నీరు పారక పూర్వము మా ప్రాంతమున ఎద్దులు లేని కాపుటిల్లు లేదనియే చెప్పవచ్చును. 1967లో కాలువకు నీరు వదలిన పిమ్మట మిర్యాలగూడ వైపు వరి విస్తరించినది, బియ్యపు మరలు వెలసినవి. క్రమక్రమముగా ట్రాక్టరులు వచ్చినవి, కోతయంత్రములు వచ్చినవి. సూర్యాపేట చెంత దురాజుపల్లి పెద్దగట్టు జాతరకు పూర్వము బండ్లు బారులు తీరి వచ్చెడివి. ఇప్పుడు మోటారు వాహనములు వచ్చుచున్నవి. దున్నుటకును, తోలుటకును పనిలేకపోయిన ఎద్దు పందెమునకై మిగిలినది. కొందరు దీనిని వట్టి ఆడంబరమందురు. మా యభిప్రాయము వేరు. పందెమే లేకున్నచో ఆ కొట్టములు కొన్ని ఏనాడో మోటారుబండ్లు నిలుపు చావడులై యుండెడివి. ఇదే జాతి నెల్లూరు పేరున ఓడలెక్కి బ్రెజిలు దేశము చేరి, అచ్చటి పశుసంపదలో అధికభాగమై వర్ధిల్లుచున్నది. కాని అచ్చట దానిని పెంచునది ముఖ్యముగా మాంసమునకు.

ఇక పోషణము మాట. ఉలవలు రాత్రి నానవేసి, తెల్లవారుజామున పెద్ద గుండిగలో నుడికించి, చల్లార్చి పెట్టుదురు. ఆ ఉడికిన నీటిని పారబోయు ఇల్లాలిని మేము చూడలేదు. దానిని మరిగించి, చింతపండు పులుసు చేర్చి, పోపు వేసినచో అదియే ఉలవచారు. పెండ్లి విందులలో మీగడతో వడ్డించెడి ఈ చారు ఎద్దుల దాణాకుండ తోబుట్టువని చెప్పినచో పట్టణపు చుట్టములు నమ్మరు! ఉలవలతోపాటు పత్తిగింజలు, తెలగపిండి, తవుడు, జొన్నచొప్ప. కోతయంత్రము నలిపి వదలిన వరిగడ్డిని మంచి గిత్త ముట్టదని చెప్పి, పందెపు జతకై చొప్పను ప్రత్యేకముగా కొనువారు గలరు.

ఇందొక యపాయము గలదు. పశువు కడుపు నాలుగు అరలు గలది. మొదటి పెద్ద అరలో గడ్డిని పులియబెట్టి జీర్ణము చేయు సూక్ష్మజీవులు కోట్లకొలది వసించును. గడ్డికి అలవడిన ఆ అరను ఒక్కమారుగా గింజలతో నింపినచో పులుపు హెచ్చి, పశువు నెమరు మాని, మేత మాని, ఒక్కొకప్పుడు ప్రాణమే విడుచును. బలము రావలెనని పందెమునకు పది దినముల ముందు గంపలకొలది దాణా పెట్టించుట ఇందువలననే కూడదు. పిడికెడు పిడికెడుగా వారముల తరబడి పెంచవలెను. పేడ యెట్లున్నది, నెమరు నిలుకడగా నున్నదా అని దినమును చూచుచు పెంచవలెను. ఈ చూపు కొట్టమూడ్చు చేతికి గలుగును గాని, బరిలో తలపాగ చుట్టుకొని నిలుచువారికి గలుగదు.

కడుగుట, తోముట కూడ అట్టివే. గడ్డిచుట్టతో మేనెల్ల రుద్ది కడుగునప్పుడు వ్రేళ్లకు దొరకని దోషముండదు. గిట్టల నడుమ రాయి, తోకమొదట గోమారి, మూపురము ముందట కాడి యొరసికొన్న తావున వాపు. ఒంగోలు గిత్త ముదిరిన కొలది తలయు, మెడయు, మూపురమును బూడిదవన్నెకు తిరుగును. కనుక మెడమీది గాయము కంటికి వెంటనే పట్టదు, చేతికే పట్టును. మేమెరిగిన ఒక గృహిణి యొక యేడు పందెమునకు మూడు దినముల ముందు కుడివైపు గిత్త మెడ వెచ్చబడియుండుట గనిపెట్టెను. పేరు నమోదైనది, లారీకి బయానా ఇచ్చిరి, బంధువులు వచ్చి కూర్చుండిరి. ఆమె, “దాని మెడపై చేయి వేసి చూచి, ఆపైన మీకు తోచినట్లు చేయుడు” అని మాత్రమే పలికెను. ఆ యింట రెండు పూటలు ఎవరును సరిగా భుజింపలేదు. గిత్తలు మాత్రము కదలలేదు. బయానా పోయినది. ఆమె మాట నెగ్గుటకు అత్తగారు పక్షము వహించుట ముఖ్యకారణమని మా నమ్మకము. అత్తలను గూర్చి మంచి మాట వ్రాయు నవకాశము అరుదు గనుక వ్రాసితిమి.

భారతారణ్యపర్వములోని నలోపాఖ్యానము మీరు చదివియే యుందురు. ఋతుపర్ణుడు విదర్భకు తొందరపడుచుండగా, బాహుకుడు అశ్వశాలకేగి బక్కచిక్కినట్లు కనబడు గుఱ్ఱములను ఎన్నుకొనెను. రాజు సందేహించెను. గుఱ్ఱము గుణము కొవ్వులో లేదని ఎరిగినవాడు నలుడు. సాకినవాని కన్నే తోలువానికి కన్నై యుండుట ఆ కథలోని సొగసు. మన పందెములలో సాకుట యొకరిది, తోలుట యొకరిది యైనది.

ఐరోపాలో గుఱ్ఱపుబండ్లను తోలు పోటీలు గలవు. ఆంగ్లేయ రాణి భర్త ఫిలిప్పుగారు అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్యకు అధ్యక్షులుగా నున్న కాలమున వాని నియమములు ఏర్పడినవి. నాలుగు గుఱ్ఱముల బండ్ల మొదటి ప్రపంచపోటీ 1972లో జర్మనీలోని మున్‌స్టరున జరిగినది. అందు గుఱ్ఱములను తోమిన తీరు, పట్టెడల శుభ్రత, బండి మెఱుగు, తోలువారి దుస్తులు, వీనికి పూర్వము వేరుగా మార్కులుండెడివి. ఇప్పుడు గతుల పరీక్షలోనే కలిపిరి. దూరపు పరుగు నడుమ తప్పనిసరి విశ్రాంతి యిచ్చి, పశువైద్యుడు చూచి సమ్మతించినగాని ముందుకు పోనీయరు. తుది పరీక్షలో జతజతగా నిలిపిన గురుతుల నడుమనుండి బండి పోవలెను. వానిపై నుంచిన బంతి పడినచో తప్పు లెక్కింతురు. స్త్రీలును పురుషులును ఒకే బరిలో తలపడుదురు. ఆ వేషభాషలు మనకేల? ఆ పశువైద్యుని మాత్రము మేళ్లచెరువు వంటి ప్రతి బరిలోను, జత దిగుటకు ముందొకమారు, దిగిన పిమ్మట నొకమారు, మెడయు గిట్టయు చూచునట్లు నియమింపవలెనని మా కోరిక.

చెర్నాకోల మాట యెత్తక తప్పదు. పశుహింసను నివారించు చట్టము 1960 నాటిది. పశువును కొట్టుట, శక్తికి మించి తోలుట అందు నేరములు. 1965లో చేసిన నియమములు మొనగల ములుగర్రను వాడరాదన్నవి. వేడి 37 డిగ్రీలు మించు తావుల పండ్రెండు మొదలు మూడు గంటలవరకు పశువుచే లాగింపరాదన్నవి. 2014 మే 7వ తేదీని సుప్రీముకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పరుగులను నిషేధించెను. పిమ్మట తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రములు తమ తమ సవరణలు చేసికొనగా, 2023 మే 18న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము వానిని సమర్థించెను. ఇన్ని తీర్పులలో వాదించినవారు ఒకవైపు పశుప్రేమికులు, ఒకవైపు ఆచారవాదులు. ఉలవలు నానవేసినవారినెవ్వరును సాక్ష్యమడుగలేదు. అడిగినచో వారేమందురో మేమెరుగుదుము. మా యూరి యిల్లాండ్రలో పందెమును మాన్పుమన్నవారు మాకు కనబడలేదు. వాతలు తేలిన వీపును ఇంటికి తెచ్చినప్పుడు నొచ్చుకొననివారును కనబడలేదు. పసుపు, వేపనూనె రాచుట వారి వంతే గదా.

రాబోవు శివరాత్రికి జతను పంపు సోదరీమణులకు ఒక మనవి. పందెమైనదని దాణా నొక్కదినమున మాన్పకుడు. పెంచినట్లే పిడికెడు పిడికెడుగా తగ్గింపుడు. లారీ దిగిన గిత్తలకు నీడయు నీరును చూపి, మరునాడు కాడి కట్టనీయకుడు. మెడను మీ చేతితోనే చూడుడు. వాపున్నచో మండల పశువైద్యశాలకు కబురంపుడు. వారు వచ్చువరకు గుడ్డను చన్నీట ముంచి మెడమీద వేయుచుండుడు.