సముద్రపు గడప

మన పాఠశాలలలో వ్యాసరచనకు కూర్చున్న విద్యార్థి కలము నుండి తరచుగా వెలువడు వాక్యమొకటి కలదు: "మానవుడు ప్రకృతిని జయించెను." ఉపాధ్యాయులు దానిని దిద్దక విడిచిపెట్టుదురు, కొందరు మెచ్చుకొందురు కూడ. అది దిద్దదగిన వాక్యమని నా అభిప్రాయము. అందులకు గెర్న్‌సీ ద్వీపమును సాక్ష్యమునకు పిలుచుచున్నాను.

ఇంగ్లండు, ఫ్రాన్సుల నడిమి సముద్రమున, ఫ్రాన్సు తీరమునకు చేరువగా నున్న ఈ ద్వీపపు వైశాల్యము సుమారు 65 చదరపు కిలోమీటర్లు మాత్రమే. విక్టర్ హ్యూగో 1855 నుండి 1870 వరకు ఇచ్చట ప్రవాసముండి, కడలిపై బ్రతుకు శ్రామికులను గూర్చిన నవలను 1866లో ప్రకటించి, ఈ ద్వీపమునకే అంకితమొనర్చెను.

అచ్చటి ఆటుపోట్లు అసాధారణములు. అమావాస్య, పూర్ణిమలు గడచిన ఒకటి రెండు దినములకు పోటునీటికిని ఆటునీటికిని ఎత్తులో భేదము సుమారు 8 మీటర్లుండును. గొప్ప పోటులలో 10 మీటర్లకు సమీపించును. ఉత్తరమున ఆల్డర్నీ ద్వీపమునకును ఫ్రాన్సు తీరమునకును నడుమ ప్రవాహము ఆ దినములలో చిన్న తెరచాపనావ వేగమును మించును. దాని కెదురేగిన నావ నీటిని చీల్చుకొని ముందునకు సాగుచున్నట్లే తోచుచు వెనుకకు పోవును.

సెంట్ పీటర్ పోర్టు పట్టణమున అతిథినావలకై విక్టోరియా మెరీనా అను రేవు కలదు. దాని ద్వారమున నీటియడుగున గడపవంటి కట్టడము నిర్మించిరి. వెలుపలి నీరెంత దిగజారినను లోపలి నీరు నిలిచి నావలను తేల్చుచుండును. అయితే ఆటువేళ ఆ గడపయే త్రోవను మూసివేయును. అప్పుడు వచ్చినవాడు ఎంతటి ధనికుడైనను వెలుపల నావను కట్టుకొని పోటుకై వేచియుండవలసినదే.

ఈ గడప జయచిహ్నమా? కాదు. సముద్రము దిగకుండ నాపగలవారు లేరు. అది దిగునని యెరిగినవారు, దిగకముందే కొంత నీటిని నిలుపుకొనిరి. ఉపగ్రహముల కాలమున ఈ మాట చాదస్తమని కొందరనవచ్చును. ఉపగ్రహము నావ యెచ్చట నున్నదో చెప్పును. గడపపై నీటిని జానెడైనను పెంచజాలదు.

ఇది పరదేశపు ముచ్చట మాత్రమే కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలమందిని కోల్పోయిన మనకు "జయించితిమి" అను మాట ఎట్లు తగును? జయించితిమని నేర్చిన బాలుడు పెద్దవాడై ప్రమాదసూచనను చులకన చేయును. ఎరుగవలెనని నేర్చినవాడు చెవియొగ్గును.

కనుక తీరప్రాంతపు ఉపాధ్యాయులకు నాదొక విన్నపము. అమావాస్య మరునాడొకసారి, అష్టమి మరునాడొకసారి విద్యార్థులను భద్రమైన రేవునకు గొనిపోయి, గట్టుగోడపై నీటిగుర్తులను కొలిపింపుడు. పంచాంగములోని తిథికిని కడలికిని గల చుట్టరికము వారికే తెలియును. తరువాత ఆ వ్యాసమును మరల వ్రాయింపుడు. "జయించెను" అను చోట "ఎరిగెను" అని వ్రాసిన బాలునకు ఒక మార్కు హెచ్చుగా వేయుడు.