డోలీ మోత ఏ పద్దులో రాస్తారు?

ఏజెన్సీలో ఆరోగ్యానికి డబ్బు ఇవ్వడం లేదంటే ప్రభుత్వం ఒప్పుకోదు. ఐటీడీఏ పద్దులు చూపిస్తుంది, ఉపప్రణాళిక చూపిస్తుంది. చూపించనివ్వండి. అరకు, అనంతగిరి కొండల మీది గూడేల నుంచి నెలలు నిండిన స్త్రీని డోలీలో రోడ్డు దాకా మోసుకొస్తారే, ఆ ఖర్చు ఏ పద్దులో ఉందన్నది నా ప్రశ్న.

ఖర్చు లేకేం! కర్రకి దుప్పటి కట్టి, భుజాలు మార్చుకుంటూ మోయడానికి కనీసం నలుగురు కావాలి. వాళ్ల కూలి ఆ రోజుకి పోయినట్టే. తోడు వెళ్లిన తల్లికో అత్తకో ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ పని పోతుంది. ఇంటి దగ్గర చిన్నపిల్లల్నీ మేకల్నీ చూసుకునే ఆడపిల్లకి బడి పోతుంది. 2005లో వచ్చిన జననీ సురక్షా యోజన మన రాష్ట్రంలో పల్లెటూరి పేద స్త్రీకి ఆస్పత్రి కాన్పుకి 700 రూపాయలు ఇచ్చింది. తెనాలి పక్క ఊళ్లో ఆటో ఎక్కి వెళ్లే ఆమెకీ అంతే, కొండ దిగి వచ్చే ఆమెకీ అంతే.

మైదానంలో 5,000 మందికి, కొండల్లో 3,000 మందికి ఒక ఉపకేంద్రం అని నియమం. అంటే దూరం సంగతి ఆరోగ్యశాఖకి తెలియక కాదు. కానీ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఉపకేంద్రం చేతి ఖర్చులకని ఏడాదికి 10,000 రూపాయల అన్‌టైడ్ ఫండ్ పెట్టినప్పుడు కొండకీ మైదానానికీ తేడా చూడలేదు. అది ఏఎన్ఎం, సర్పంచుల ఉమ్మడి ఖాతా. సర్పంచి ఒక కొండ మీద, ఏఎన్ఎం ఇంకో కొండ మీద, బ్యాంకు మండల కేంద్రంలో. నేను చూసిన ఒక ఉపకేంద్రంలో ఏఎన్ఎం ఈ సంతకాల కోసం తిరిగే జీపు చార్జీలు సొంత జీతంలోంచే పెట్టుకునేది. ఏడాది చివర డబ్బు మిగిలితే సంజాయిషీ కూడా ఆమే ఇచ్చుకోవాలి.

2013 ఉపప్రణాళిక చట్టాన్ని 2023లో మరో పదేళ్లు పొడిగించారు. అక్కడా వాటా జనాభాను బట్టే. పైగా విడదీయలేని పెద్ద పనుల్లో కొంత భాగాన్ని గిరిజనుల ఖాతాలో రాసుకోవడానికి చట్టమే వీలిచ్చింది. కాగితం మీద వాటా నిండుతుంది, గూడేనికి స్ట్రెచరు కూడా రాదు.

రోడ్డు దిగే ఉపకేంద్రాలన్నిటికీ మోత కూలి అని ఒక పద్దు పెట్టాలి. మోసేవాళ్లకీ, తోడు వెళ్లే స్త్రీకీ కనీసం ఉపాధి హామీ రేటు ఇవ్వాలి. డోలీకి కూలి ఇస్తే డోలీని శాశ్వతం చేసినట్టే కదా అని మన మిత్రులే కొందరు అడుగుతున్నారు. నేను అలా అనుకోను. ఇన్నాళ్లూ అది ఉచితంగా నడిచింది కాబట్టే ఎవరికీ భారమనిపించలేదు. వంటా, నీళ్లు మోయడం లెక్కలోకి రానట్టే ఇదీ రాలేదు. ఏటా బిల్లు కట్టాల్సి వస్తే రోడ్డు వేయడమే చవకని ఆర్థికశాఖ తనే తేలుస్తుంది.

పంచాయతీ ఖర్చుకి వినియోగ ధ్రువీకరణ ఇచ్చే అధికారాన్ని 1996 పెసా చట్టం గ్రామసభకి ఇచ్చింది. ఉపకేంద్రం ఖాతా మీద సర్పంచి సంతకం ఉన్నప్పుడు ఆ పాస్‌బుక్ గ్రామసభలోకి ఎందుకు రాకూడదు? వచ్చే గ్రామసభలో దాన్ని బయటికి చదవమని అడుగుదాం, తెలుగులోనే కాదు, కువిలోనూ, ఆదివాసీ ఒడియాలోనూ.