కొండను కాపాడండి, పేటను కదిలించకండి

విశాఖపట్నంలో భీమిలి బస్సెక్కి కిటికీ పక్కన కూచోండి. కుడి పక్క సముద్రం, ఎడం పక్క కొండలు. ఈ కొండకీ సముద్రానికీ మధ్య జాగా ఎవరిది అని అడగండి. రెవెన్యూ వాళ్ళు సర్కారుది అంటారు. రియల్ ఎస్టేట్ వాడు కాగితం తీసి నాది అంటాడు. టూరిజం వాళ్ళు పర్యాటకులది అంటారు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న మనిషిని మాత్రం ఎవరూ అడగరు. కొండ కింద పశువుల్ని తోలుకుపోయే మాల, మాదిగ పిల్లల్ని అసలే అడగరు.

ఈ తీరాన్నీ, ఈ కొండల్నీ కలిపి ఒకే రక్షిత ప్రాంతంగా ప్రకటించాలని మేము అడుగుతున్నాం. అయితే ఎవరి నుంచి రక్షణ, ఎవరి కోసం రక్షణ అన్నది ముందే కాగితం మీద రాయించుకోవాలని కూడా అంటున్నాం.

అక్కడ ఏముంది అని అడిగేవాళ్ళకు ముందు అది చెప్పాలి. మంగమారిపేట దగ్గర తొట్లకొండ ఉంది. రెండు వేల ఏళ్ళ కిందట బౌద్ధ భిక్షువులు అక్కడ ఉన్నారు. వాననీళ్ళు పట్టుకోవడానికి రాతిని తొలిచి తొట్లు చేశారు, ఆ పేరే కొండకు నిలిచింది. 1976లో నౌకాదళం వాళ్ళు విమానం మీంచి సర్వే చేస్తుంటే ఈ శిథిలాలు బయటపడ్డాయి. 1988 నుంచి కొన్నేళ్ళు తవ్వితే స్తూపాలు, విహారాలు, భోజనశాల కనిపించాయి. శాతవాహనుల నాణేలతో పాటు రోము దేశపు వెండి నాణేలూ దొరికాయి. అంటే ఓడ ఎక్కి వచ్చిన వర్తకుడు కూడా ఈ కొండ ఎక్కాడన్నమాట. పక్కనే బావికొండ, భీమిలి దగ్గర పావురాలకొండ. ఇవీ బౌద్ధ స్థావరాలే.

ఇంకొంచెం ముందుకు పోతే ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్ళ కిందట సముద్రం వెనక్కి పోయినప్పుడు గాలికి ఎగిరి వచ్చి పడ్డ ఇసుక, అందులోని ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది. ఇలాంటివి తమిళనాడులోనూ, శ్రీలంకలోనూ ఉన్నాయి, మరెక్కడో గానీ లేవు. రాతియుగపు మనుషుల పనిముట్లు ఈ దిబ్బల్లో దొరికాయి. 2014లో భూగర్భ సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025 సెప్టెంబరులో యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేరింది. ఈ తీరం ఇసుకలోనే సముద్రపు తాబేళ్ళు వచ్చి గుడ్లు పెడతాయి.

ఇంత ఉన్నా జరిగిందేమిటి? తొట్లకొండను 1978లోనే రక్షిత స్థలంగా ప్రకటించారు. 2016 ప్రాంతంలో ఆ కొండ దగ్గర భూమి సినిమా వాళ్ళ క్లబ్బుకు ఇవ్వబోతే బౌద్ధ సంఘాలు, పౌర సంఘాలు హైకోర్టు దాకా పోవలసి వచ్చింది. 2019 అక్టోబరు వానలకు మహాస్తూపం కూలింది. దారిలో ఉన్న రుషికొండను 2021 నుంచి తొలిచి మేడలు కట్టారు. జాతీయ స్థలం అని పేరు పెట్టుకున్న ఎర్రమట్టి దిబ్బల దగ్గరే 2024 జూలైలో యంత్రాలు పెట్టి నేల చదును చేశారు. బోర్డు ఒక పక్క, బుల్డోజరు ఒక పక్క.

కొండ మీద కట్టడం వరకు కంచె వేస్తే చాలదా అని కొందరు అంటారు. చాలదు. లార్స్ ఫోగెలిన్ అనే పురాతత్వవేత్త తొట్లకొండ చుట్టుపక్కలంతా నడిచి సర్వే చేసి 2006లో పుస్తకం వేశాడు. స్తూపం దగ్గరే కాదు, చుట్టూ వాలుల్లో చిన్న చిన్న రాళ్ళ గుట్టలు, కింద పాత ఊళ్ళ ఆనవాళ్ళు ఉన్నాయని చూపించాడు. భిక్షువులు ఊళ్ళకు దూరంగా, గాలి తిని బతకలేదు. కింద ఊళ్ళు ఉన్నాయి కాబట్టే పైన విహారం నడిచింది. శిఖరం ఒక్కటీ కాపాడి వాలంతా ప్లాట్లు కొడితే సగం చరిత్రను చెరిపేసినట్టే. ఆ చెరిగే సగం కష్టజీవులది.

ఇది మనకెందుకు అనే మనవాళ్ళూ ఉన్నారు. కూడు, కూలి, ఇళ్ళ స్థలం అడగాల్సిన చోట రాళ్ళ గురించి అడుగుతారేం అంటారు. మిత్రులారా, 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షల మందితో కలిసి బుద్ధుడి దారి పట్టింది రాళ్ళ కోసం కాదు. మనిషి పుట్టుకతో ఎక్కువ తక్కువ కాదన్న మాట కోసం. మంగలి ఉపాలిని, వీధులూడ్చే సునీతుణ్ణి బుద్ధుడు సంఘంలో చేర్చుకున్నాడని బౌద్ధ గ్రంథాలు చెబుతాయి. ఆ మాట ఈ గడ్డ మీద కూడా వందల ఏళ్ళు నిలిచిందనడానికి సాక్ష్యం ఈ కొండలే. అదే తొట్లకొండకు దగ్గర్లో, కాపులుప్పాడలో, విశాఖ నగరం ఏళ్ళ తరబడి తన చెత్త గుమ్మరించింది. ఆ చెత్త ఎత్తే చేతులు ఏ వాడలవో మీకు వేరే చెప్పాలా? సాక్ష్యం పోతే రేపు మన పిల్లలకు చూపించడానికి ఏం మిగులుతుంది?

ఇక పేటలో అడిగే ప్రశ్న ఇంకొకటి. "రక్షణ అంటే ఏటి? మమ్మల్ని తోలీడమే కదా?" ఈ భయం ఊరికే పుట్టలేదు. కొల్లేరు చూశాం. 1999లో సాంక్చురీ అన్నారు. 2006లో చెరువు గట్లు పేల్చారు. పెద్దల చెరువులతో పాటు పేదల సొసైటీల చెరువులూ పోయాయి. పెద్దలు వేరే వ్యాపారం చూసుకున్నారు. పేదలు వలస పోయారు. 2020లో విశాఖ చుట్టుపక్కల మండలాల్లో డి-పట్టా భూములను పూలింగ్ కిందకు తెచ్చినప్పుడూ ముందు కదిలింది మన చెక్కలే. అందుకే మేము సాంక్చురీ అడగడం లేదు.

చట్టంలో ఇంకో దారి ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2002లో సవరణ చేసి 36ఎ సెక్షన్ పెట్టారు. సాంక్చురీని ఆనుకుని ఉన్న సర్కారు భూమిని, స్థానిక జనంతో సంప్రదించిన తర్వాత కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించవచ్చు. ఇక్కడ కంబాలకొండ సాంక్చురీ పక్కనే ఉంది. సాంక్చురీలో లాగా జనం హక్కుల్ని విచారించి తీసేసే పద్ధతి రిజర్వులో లేదు. దాన్ని చూసే కమిటీలో ప్రతి పంచాయతీ నుంచి ఒక మనిషి ఉండాలని 36బి చెబుతుంది. ఒక లొసుగు మాత్రం ఉంది. భీమిలి ఇప్పుడు విశాఖ నగరపాలక సంస్థలో కలిసి ఉంది. నగరంలో కలిసిన పేటకు పంచాయతీ ఉండదు, పంచాయతీ లేకపోతే ఆ కుర్చీ కూడా ఉండదు. దీన్ని ముందే అడ్డుకోవాలి. తీరం నియమాలు కూడా మనకు పనికొస్తాయి. 2011, 2019 నోటిఫికేషన్లలో ఇసుక దిబ్బలు, తాబేళ్ళు గుడ్లు పెట్టే చోట్లు, పురావస్తు స్థలాలు అన్నీ అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న తరగతిలోనే ఉన్నాయి. అమలు చేయించే గొంతు లేదు, అంతే.

మేము అడిగేవి ఇవి:

1. తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ, ఎర్రమట్టి దిబ్బలు, మధ్యలో మిగిలిన సర్కారు కొండవాలు, తీరం - అన్నీ ఒకే హద్దు కింద రావాలి. హద్దులు సర్వే నంబర్లతో తెలుగులో ప్రకటించాలి.

2. పడవలు లాగే చోటు, వలలు ఆరేసే చోటు, చేపలు ఎండబెట్టే చోటు, పశువుల దారి, శ్మశానం - వీటిని హద్దు గీసే ముందే పేట వాళ్ళ చేత చూపించి పటంలో రాయాలి.

3. ఒప్పుకోలు లేకుండా ఒక్క సెంటు డి-పట్టా భూమిని కూడా కలపరాదు.

4. కమిటీలో మత్స్యకార పేటల నుంచి, దళితవాడల నుంచి మనుషులు ఉండాలి. అందులో సగం ఆడవాళ్ళు కావాలి. చేపల గంప ఎత్తేది వాళ్ళే.

5. కాపలా, గైడు, తవ్వకం పనులు ముందు స్థానికులకు. చీపురు పని ఒక్కటే మనకిచ్చి టిక్కెట్టు కౌంటరు వేరేవాళ్ళకు ఇస్తామంటే ఒప్పుకోం.

కార్యకర్తలకు ఒక మాట. పంచాయతీ ఉన్న ఊళ్ళో గ్రామసభలో, లేనిచోట పేట నడుమ కూచుని ఈ ఐదింటి మీద తీర్మానం రాయండి. చదువురాని వాళ్ళకు చదివి వినిపించి వేలిముద్ర తీసుకోండి. ఒక నకలు కలెక్టరుకు ఇచ్చి రసీదు తెచ్చుకోండి, ఒకటి మీ దగ్గర దాచుకోండి. దాంతో పాటు ఒక ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకుని తొట్లకొండ ఎక్కండి. రాతిలో తొలిచిన తొట్టి చూపించండి. ఇది తొలిచింది కూలి చేసుకునే చేతులే అని చెప్పండి.

జై భీం.