వంటింటికి పెళ్ళిచూపులా?

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. కట్టాక ఆ ఇంట్లో నాలుగు రోజులు వండి చూడమని మాత్రం ఎవరూ అనలేదు. అని ఉంటే ఈ కాలపు వంటిళ్ళు ఇలా ఉండేవి కావు.

ఈ మధ్య ఏ గృహప్రవేశానికి వెళ్ళినా ముందుగా వంటిల్లే చూపిస్తున్నారు. తెల్లటి అలమరలు, అద్దంలా మెరిసే గట్టు, పైన చిమ్నీ. హాలుకీ వంటింటికీ మధ్య గోడే ఉండదు. నడుమ ఓ పెద్ద బల్ల. దాన్ని ‘ఐలాండ్’ అంటారట. అంటే ద్వీపం! ఎవరు పెట్టారో గానీ సరైన పేరే పెట్టారు. చుట్టూ జనం, మధ్యలో ఒంటరిగా ఓ మనిషి.

“ఎంత బాగుందో, బొమ్మలా ఉంది” అని అందరం మెచ్చుకుంటాం. నా పేచీ సరిగ్గా అక్కడే. వంటింటిని పెళ్ళికూతురిలా ముస్తాబు చేసి చూపులకి కూర్చోబెడుతున్నాం. చూడవచ్చినవాళ్ళు కాఫీ తాగి వెళ్ళిపోతారు. మరి ఆ తరవాత దానితో కాపరం చేసేదెవరండీ?

మా పినతల్లి కూతురు కూకట్‌పల్లిలో ఫ్లాటు కొనుక్కుంది. హాల్లోకి కనిపించే వంటింట్లో పాలూ, కాఫీ తప్ప మరేమీ కాచదు. చేపల పులుసు, అప్పడాలు, బజ్జీలు, ఆఖరికి ఇంగువ పోపు కూడా వెనకవైపే! అంట్లు తోముకోవడానికి వదిలిన మూడడుగుల సందులో ఇంకో పొయ్యి పెట్టుకుంది. “ఏమే, అంత డబ్బు పోసిన వంటిల్లు దేనికే?” అంటే, “జిడ్డు పడితే వచ్చినవాళ్ళ ముందు బాగుండదక్కా” అంది. ఖరీదైన ఇళ్ళలో ఈ ఏర్పాటుకి డ్రై కిచెన్, వెట్ కిచెన్ అని ముద్దుపేర్లు కూడా ఉన్నాయి. ముందుది చూడ్డానికి, వెనకది చావడానికి.

అలాగని పాత వంటిళ్ళు బంగారమని నేననను. పెరటివైపు ఓ చీకటి కొట్టు, కట్టెల పొయ్యి, కళ్ళు మండించే పొగ. అందులో ఆడదాన్ని దాచిపెట్టారు. ఇప్పుడు దీపాల కింద నిలబెట్టి చూపిస్తున్నారు. నీ నడుమెలా ఉందమ్మా అని అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగడం లేదు.

నడుమంటే గుర్తొచ్చింది. గట్టు ఎత్తు ఎంతుండాలని ఏ మేస్త్రీ అయినా ఇంటావిడని నిలబెట్టి కొలిచాడా? మోచేయి వంచి నిలబడితే, గట్టు దానికి 4 నుంచి 6 అంగుళాలు కిందుగా ఉండాలి. మామూలుగా అందరికీ ఒకే లెక్కన 34 అంగుళాలు కట్టేస్తారు. దానిమీద 5 అంగుళాల స్టవ్వు. దానిమీద జానెడు ఎత్తు గిన్నె. మొత్తం 48 అంగుళాలు. అయిదడుగుల మనిషికి అది దాదాపు భుజం ఎత్తు! అంత ఎత్తున రోజూ గరిటె తిప్పితే భుజం పట్టెయ్యక ఏమవుతుంది? స్టవ్వు పెట్టేచోట గట్టు ఓ నాలుగంగుళాలు దించమంటే పోయేదేముంది?

“చుట్టాలొస్తే బాగుండాలి కదా” అంటారు. సరే, లెక్క వేద్దాం. ఏడాదికి 25 సార్లు చుట్టాలొచ్చారే అనుకుందాం. మిగిలిన 340 రోజుల మాటేమిటి? పాతిక రోజుల ముచ్చట కోసం ఏడాది పొడుగునా అవస్థ పడాలా?

అసలు వంటింటిని ఒక్క మనిషికే సరిపడా కట్టే అలవాటు మనది ఒక్కళ్ళదే కాదు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో 1926లో మార్గరెటె షూటె-లిహోట్స్కీ అనే ఆవిడ కొత్త కాలనీల ఇళ్ళకోసం ఓ వంటింటిని రూపొందించింది. ఆవిడ ఆర్కిటెక్టు. రైల్లో భోజనాల పెట్టె చూసి, ఎన్ని అడుగులు నడవాలో లెక్కగట్టి, ఏ వస్తువు ఎక్కడుండాలో తేల్చింది. కిటికీ దగ్గర కూర్చుని తరుక్కోవడానికి బల్ల, ఎటుకావాలంటే అటు తిరిగే స్టూలు అమర్చింది. అలాంటివి సుమారు 10,000 కట్టారు. నేటి మాడ్యులర్ వంటిళ్ళకి అదే తల్లి. కానీ దాని వెడల్పు 1.9 మీటర్లు, పొడుగు 3.4 మీటర్లు. రెండో మనిషి దూరితే ఇరుకే. మనం ఆ అలమరలు తెచ్చుకున్నాం, కూర్చునే స్టూలు అక్కడే వదిలేశాం. ఒక్కరికే చోటన్న లోపాన్ని మాత్రం భద్రంగా మోసుకొచ్చాం!

ఆ ఒక్కరూ ఎవరో వేరే చెప్పాలా? 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజూ 299 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్ళు పెట్టేది 97 నిమిషాలు. అసలు చెయ్యి వేసే మగవాళ్ళే నూటికి 26 మంది. ఇంట్లో ఆయన్ని “రండి, కాస్త కొబ్బరి తురమండి” అంటే, “నేను నిలబడేదెక్కడ?” అంటారు. ఆ సాకు మనమే కట్టించి ఇస్తున్నాం.

గోడ తీసేస్తే ఇల్లాలు కూడా కబుర్లలో కలుస్తుంది కదా అని కొందరి వాదన. ఆశ మంచిదే. కానీ స్టవ్వు గోడవైపు ఉంటే మొహం గోడకి, వీపు చుట్టాలకి. మిక్సీ హోరులో ఆవిడకి వినపడేది సగం నవ్వే. ఇక మన పోపు ఘాటుకి హాల్లో కూర్చున్నవాళ్ళందరూ తుమ్మాల్సిందే.

నేనడిగేది పెద్ద ఖర్చు కాదు. పొయ్యి దగ్గర జరుపుకునే తలుపు ఒకటి, పొగ బయటికి పోయే దారి ఒకటి ఉండాలి. రెండు గట్ల మధ్య కనీసం 4 అడుగులుంటే ఇద్దరు ఒకరికొకరు తగలకుండా మసలుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, వంటింటి మొదట్లో హాలువైపు తిరిగి ఓ మామూలు బల్ల, నాలుగు స్టూళ్ళు. వంటంటే పొయ్యి ఒక్కటే కాదుగా! తరగడం, వలవడం, పిండి కలపడం, అన్నీ కూర్చుని చేసే పనులే. మామూలు రోజుల్లో అత్తగారు గోంగూర ఒలుస్తారు, పిల్లాడు హోంవర్కు రాసుకుంటాడు. చుట్టాలొచ్చిన రోజున వాళ్ళ చేతికీ నాలుగు చిక్కుడుకాయలిస్తే, కబుర్లూ సాగుతాయి, పనీ తెములుతుంది. రోజువారీ వాడకానికి అమరిన వంటిల్లు పండక్కి పనికిరాకపోదు. పండక్కని కట్టినదే రోజూ పనికిరాదు.

కనుక అమ్మలారా, ప్లాను మీద సంతకం పడేలోగా ఆ టేపు మీ చేతికి తీసుకోండి. గట్టు ఎంత ఎత్తో మీ మోచేతిని అడిగి చెప్పండి. చుట్టాలేమనుకుంటారో అన్న బెంగ వద్దు. వాళ్ళకి కావలసింది వేడి వేడి అన్నం, నవ్వుతూ వడ్డించే మనిషి. నడుం పట్టేసిన మనిషి మొహాన నవ్వు ఏ అలమరలోంచి తీస్తారు?