లాప్‌టాపా? టాబ్లెట్టా?

గత ఆదివారము జరిగిన కార్యవర్గ సమావేశమున రెండు గంటలకాలము ఒకే విషయముపై వాదోపవాదములు జరిగినవి. మన పఠనమందిరమునకును, సాయంకాలపు తెలుగు తరగతులకు వచ్చు పిల్లలకును ఉపయోగపడు యంత్రములు కొనుటకై దాత యొకరు ఒసగిన 1,00,000 రూపాయల విరాళము బ్యాంకులో నున్నది. ఆ ద్రవ్యముతో టాబ్లెట్లు ఆరు కొనవలెనని కొందరును, లాప్‌టాపులు రెండు చాలునని కొందరును పట్టుపట్టిరి. ఇరుపక్షములవారును సంఘశ్రేయస్సు కోరువారే. నిర్ణయము వచ్చే సమావేశమునకు వాయిదా పడినది. ఇది సంఘమునకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. ఏటేట బడులు తెరచు వేళ మన కుటుంబములలో పెక్కింట ఇదియే తలయెత్తుచున్నది. గావున మా యభిప్రాయమును ఈ వారము పాఠకుల ముందుంచుచున్నాము.

ముందుగా ఒక సంగతి ఒప్పుకొనవలసియున్నది. మేమును మొదట టాబ్లెట్ల పక్షముననే యుంటిమి. మేము వస్త్రవ్యాపారులము, యంత్రములు అమ్మువారము కాము. ఏది కొన్నను మాకు వచ్చు లాభము లేదు. మా యంగడి అనుభవమును, మన పత్రిక పరిస్థితియు మా మనస్సును మార్చినవి. ఆ రెండింటిని గూర్చి క్రింద చెప్పెదము.

వెంట తీసికొనిపోదగిన కంప్యూటరు అను పేరుతో 1981లో అంగడికి వచ్చిన ఆస్‌బోర్న్ యంత్రము సుమారు 11 కిలోల బరువు గలది. దానిని మోయుట బియ్యపు సంచి మోయుట వంటిదే. నేటి లాప్‌టాపు ఒకటిన్నర కిలోల యంత్రము. 2010లో ఆపిల్ సంస్థ ఐపాడ్‌ను విడుదల చేసిన పిమ్మట టాబ్లెట్టు సామాన్యగృహములకు చేరినది. దాని బరువు అరకిలోకు అటునిటు. చేతికి తేలిక, చూపునకు ఇంపు. బడిలో మనము పట్టిన పలకను పోలియుండుటచే, మన యిండ్లలో ముసలివారు దానిని పలక యనియే పిలుచుచున్నారు. ఆ పేరు దానికి తగియే యున్నది.

టాబ్లెట్టు గుణములను తక్కువచేసి చెప్పుట న్యాయము కాదు. ముఖ్యముగా చదువుటకు దానికి సాటి లేదు. మన తాతలు చదివిన తెలుగు పుస్తకములు పెక్కు నేడు ఏ అంగడిలోను దొరకవు. హోసూరులో సరే, హైదరాబాదులోను దొరకవు. భారత డిజిటల్ గ్రంథాలయమువారు ఛాయాచిత్రములుగా తీసిన అట్టి పుస్తకములు నేడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితముగా లభించుచున్నవి. వాటి పుటలను ఫోనులో చూచినచో అక్షరములు చీమలవలె కనబడును. లాప్‌టాపులో నిలువు పుటను అడ్డపు తెరపై చదువుట చికాకు. టాబ్లెట్టులోనైన పుస్తకము పుస్తకమువలెనే యుండును. రెండు వ్రేళ్లతో సాగదీసినచో కంటిచూపు మందగించిన పెద్దలును చదువుకొనగలరు. ఒకసారి విద్యుత్తు ఎక్కించినచో దినమంతయు నడచును. దూరదేశముననున్న మనుమనితో ముఖాముఖి మాటలాడుటకును అదియే అనుకూలము. 2017లో గూగుల్ సంస్థ తెలుగును వినిన మాటను వ్రాయు భాషలలో చేర్చినది మొదలు, వ్రాత రాని అవ్వలు సయితము నోటితో చెప్పి తెలుగున కబురు పంపుచున్నారు. ఇది చిన్న మేలు కాదు. ఇంతమాత్రమునకే లాప్‌టాపు కొనుట పిచ్చుకమీద బ్రహ్మాస్త్రము వేయుట యగును.

అయితే పనియనునది చూచుటతోను, వినుటతోను ముగియదు. వర్తకుని దినచర్యనే తీసికొనుడు. 2017 జూలై 1వ తేదీన వస్తుసేవల పన్ను వచ్చినది మొదలు మన చిట్టా ఆవర్జాలు యంత్రములోనికి పోయినవి. నెలనెలా లెక్క చెప్పు వర్తకుడు అమ్మకముల పట్టికను 11వ తేదీలోపలను, పన్ను లెక్కను 20వ తేదీలోపలను దాఖలు చేయవలెను. మనలో పెక్కుమంది పద్దులు వ్రాయుచున్న టాలీ విండోస్ యంత్రము కొరకు చేయబడినది. టాబ్లెట్టులో దాని లెక్కలను చూడవచ్చునేగాని, గుమాస్తా దినమంతయు కూర్చుండి పద్దులు ఎక్కించుటకు అది అనువు కాదు. పన్నుశాఖవారు ఉచితముగా ఇచ్చు ఆఫ్‌లైన్ ఉపకరణమును విండోస్ యంత్రముననే నడచును. కంపెనీలు డిజిటల్ సంతకము చేయుటకు తాళపుచెవివంటి చిన్న పరికరమును యంత్రమునకు తగిలింపవలెను. దానికిని కంప్యూటరే కావలెను. స్వంతపేరున వ్యాపారము చేయు చిన్న వర్తకునకు మాత్రము ఫోనుకు వచ్చు ఓటీపీ చాలును.

మా యంగడిలో పాత లాప్‌టాపు చెడిపోయినప్పుడు, టాబ్లెట్టు ఉన్నదికదా, అదియే చాలునని మేము తలచితిమి. ఆ నెల 18వ తేదీన గుమాస్తా బిల్లుల పట్టికను దానిపై వ్రేలితో ఎక్కించసాగెను. అంకెల పలక తెరపై సగము ఆక్రమించుటచే పైవరుస కనబడదు. పైవరుస చూడబోయినచో అంకెల పలక మాయమగును. ఒక బిల్లులో సున్న యొకటి అధికముగా పడినది. దానిని వెదకి సరిచేయు సరికి గడువు దాటి నాలుగు దినములైనది. దినమునకు 50 రూపాయల చొప్పున 200 రూపాయల ఆలస్యరుసుమును, పన్నుపై వడ్డీయు కట్టితిమి. మొత్తము పెద్దది కాదు. కాని ఇరువదియేండ్ల వ్యాపారమున గడువు దాటని మాకు అది తలవంపుగనే తోచినది. తప్పు టాబ్లెట్టుది కాదు. గరిటెతో చేయు పనికి గిన్నెను వాడినవారిది.

ఇక ధర విషయము. రెండింటిపైనను పన్ను 18 శాతమే గనుక అందు భేదము లేదు. కార్యవర్గము తెప్పించిన ధరలనుబట్టి ఒక్కొక్క టాబ్లెట్టు 16,000 రూపాయలు. ఒక్కొక్క లాప్‌టాపు 42,000 రూపాయలు. పైకి చూచినచో మొదటిదే చవుక. కాని వ్రాతపనికై దానికి వేరుగా మీటలపలక, నిలబెట్టుటకు ఆధారము, గీయుటకు కలము, కాపుదలకు తొడుగు ఒకటి తరువాత ఒకటి కొనవలసివచ్చును. కొన్నది వంకాయ, కొసరినది గుమ్మడికాయ యను సామెత ఇచ్చట తిరుగబడును; కొసరుకే రొక్కము పోవును. ఇన్ని చేర్చినను లాప్‌టాపు చేయు పనులన్నియు అది చేయదు.

మన్నికను గూడ లెక్కలోనికి తీసికొనవలెను. లాప్‌టాపులో బాటరీ, మీటలపలక, నిలువసామగ్రి మార్చగల పనివారు మన పట్టణములలో కలరు. టాబ్లెట్టు జిగురుతో అతికించిన వస్తువు. తెర పగిలినచో బాగుచేయుట ఖరీదు, కొన్నియెడల కొత్తదే మేలనిపించును. అయితే చవుకగా వచ్చుచున్నవని పాత లాప్‌టాపులు కొనువారికి ఒక హెచ్చరిక. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ సహాయమును 2025 అక్టోబరు 14వ తేదీతో నిలిపివేసినది. విండోస్ 11 ఎక్కని యంత్రమును డబ్బు లావాదేవీలకు కొనుట మంచిది కాదు. కొత్తది కొనువారు జ్ఞాపకశక్తి 8 జీబీకి తగ్గకుండ చూచుకొనవలెను. తగ్గినచో రెండేండ్లకే నత్తనడక పట్టును.

చవుకదనమే ప్రమాణమైనచో ఏమగునో దేశమంతయు ఒకసారి చూచినది. 2011 అక్టోబరు 5వ తేదీన కేంద్రప్రభుత్వము విద్యార్థులకై ఆకాశ్ అను టాబ్లెట్టును విడుదల చేసినది. దాని తయారీ మన హైదరాబాదులోనే జరిగినది. ఉద్దేశము ఉత్తమమైనది, ధర మూడువేలకు లోపే. కాని వ్రేలి తాకిడిని సరిగా గ్రహింపని తెర, మందగమనము, చాలని బాటరీ, వీటివలన మొదటి విడత యంత్రములు విమర్శకు గురియైనవి. అదే సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన మన తమిళనాడు ప్రభుత్వము ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల విద్యార్థులకు లాప్‌టాపులు పంచుట ప్రారంభించినది. 2025 మార్చి బడ్జెట్టులో కళాశాల విద్యార్థులు ఇరువది లక్షలమందికి, వారు కోరినట్లు, లాప్‌టాపుగాని టాబ్లెట్టుగాని ఇచ్చెదమని అదే రాష్ట్రప్రభుత్వము ప్రకటించినది. అనగా మన కార్యవర్గమున పుట్టిన ప్రశ్నయే ఇరువది లక్షల యిండ్లకు వచ్చినదన్నమాట. ఆ విద్యార్థులలో మన పిల్లలును కలరు. వారి తలిదండ్రులు ఈ మాటలను తమకును చెప్పినట్లే భావింపవలెను.

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చుచున్నాము. 1956లో భాషనుబట్టి రాష్ట్రములు ఏర్పడినప్పుడు మన యూళ్లు ఇటువైపు నిలిచినవి. నాటినుండి ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము, కొలువులో ఇంగ్లీషుగా మన జీవితము సాగుచున్నది. మూడును మనవే. 2006 నాటి చట్టమునుబట్టి మన పిల్లలు బడిలో తమిళము నేర్చుచున్నారు, నేర్వవలసినదే. కాని తెలుగు వ్రాయు చేతులు ఏటేట తగ్గుచున్నవి. మా కార్యాలయమునకు వచ్చు ఉత్తరములను చూచినచో ఈ సంగతి తెలియును. పెద్దలు కలముతో తెలుగున వ్రాయుదురు. పిన్నలు ఫోనులో ఇంగ్లీషు అక్షరములతో తెలుగు పంపుదురు. భావము తెలుగే, లిపి మాత్రము పరాయిది. మన పత్రికను యంత్రముపై కూర్చువారు ఒక్కరే కలరు. వారికి అరువదియేండ్లు దాటినవి. వారు రెండు వారములు జబ్బుపడినచో ఈ పత్రిక రెండు వారములు వెలువడదు. వారి తరువాత ఎవరు అను ప్రశ్నకు కార్యవర్గమున ఎవరును బదులు చెప్పలేదు.

ఈ కొరతను టాబ్లెట్టు తీర్చదు. ఒక వాక్యము, ఒక కబురు దానిపై వ్రాయవచ్చును. రెండు పుటల వ్యాసము వ్రాయుటకు, దానిని దిద్దుటకు, పుటగా కూర్చుటకు పది వ్రేళ్లకు చోటిచ్చు మీటలు కావలెను. ఇంగ్లీషు ముద్రలున్న మీటలపై తెలుగు ఎట్లని కొందరు భయపడుచున్నారు. విండోస్ యంత్రములందు తెలుగు మీటల అమరిక చేర్చియే యుండును. వేరుగా కొనవలసిన పని లేదు. ఇన్‌స్క్రిప్ట్ అను అమరికలో గుణింతపు గుర్తులు ఎడమచేతికిని, హల్లులు కుడిచేతికిని వచ్చును. భారతీయలిపులకు అన్నింటికిని ఇది ఒక్కటే క్రమము. తెలుగు 'క' యున్న మీటయందే తమిళ 'క' యును ఉండును. 'ప' యును అంతే. తమిళమునకు ఇచ్చటి ప్రభుత్వము 1999లో వేరొక అమరికను ఆమోదించినను, రెండు లిపులు తెలిసిన మన పిల్లవానికి ఒక్క సాధనతో రెండు భాషలు చేతికి వచ్చుట ఎంత అనుకూలమో ఆలోచింపుడు. ఈ విషయమున అల్పసంఖ్యాకుడగుట లోపము కాదు, లాభమే.

కాగా మా సూచన ఇది. లాప్‌టాపులు రెండింటికి 84,000; పఠనమందిరమునకు టాబ్లెట్టు ఒకదానికి 16,000; మొత్తము సరిగా 1,00,000 రూపాయలు. పెద్దలు పగటివేళ టాబ్లెట్టుపై పుస్తకములు చదువుకొందురుగాక. సాయంకాలము లాప్‌టాపులు పిల్లలకు చెందవలెను. ఆరు టాబ్లెట్లయినచో ఎక్కువమందికి అందునను వాదము ఉన్నది. లెక్క చూతము. తరగతికి వచ్చు పిల్లలు 18 మంది. వారమునకు మూడు దినములు, దినమునకు రెండేసి గంటలు, యంత్రములు రెండు. మొత్తము 12 గంటలు. ఒక్కొక్కరికి వారమునకు 40 నిమిషములు వచ్చును. తక్కువయే. కాని ఆ 40 నిమిషములు చేతివ్రేళ్లు పనిచేయును. చూచువారిని ఆరుగురిని చేయుటకంటె వ్రాయువారిని ఇద్దరిని చేయుట సంఘమునకు మేలు.

గృహస్థులకును ఇదే కొలత చెప్పుచున్నాము. అంగడివాడు చెప్పిన పొగడ్తలు వినుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఇంటిలో దీనిని వాడువారు చదువువారా, వ్రాయువారా? పన్ను, బ్యాంకు, కళాశాల పనులలో ఏవి దీనిపై జరుగవలెను? చెడినచో మన యూరిలో బాగుచేయువాడు కలడా? చదువు, పలకరింపు మాత్రమే పనియైనచో టాబ్లెట్టు కొనుడు, డబ్బు మిగులును. ఇంటికి ఒక్కటే యంత్రమై, పిల్లవాడు పై తరగతులలోనో, తండ్రి వ్యాపారములోనో యున్నచో కొంత ఆగియైనను లాప్‌టాపే కొనుడు.

పలకమీద అక్షరము దిద్దనివాడు చిట్టా వ్రాయజాలడు, అది నిజమే. కాని జీవితమంతయు పలకతోనే గడపువానికి ఏ వర్తకుడును పద్దు అప్పగింపడు. మన భాషయొక్క పద్దు మన పిల్లల చేతికి అప్పగింపవలసిన కాలము వచ్చినది. వచ్చే ఆదివారపు సమావేశమునకు సభ్యులెల్లరు విచ్చేసి తమ అభిప్రాయమును నిర్మొగమాటముగా తెలుపవలెను. మా సూచనకంటె మేలైనది చూపినచో సంతోషముతో అంగీకరింతుము. మన కూర్పరిగారి ప్రక్కన కూర్చుండి పని నేర్చుకొనుటకు యువకులు ఇద్దరు ముందుకు వచ్చినచో, యంత్రము ఏదైనను ఆ దినమున మన సొమ్ము సద్వినియోగమైనట్లే భావింతుము.